చురుకైన పిల్లల చిరునామాలు

ఇండియా నుంచి చుట్టాలు వస్తే మేరీల్యాండ్‌లో ఉండే మనవాళ్ళందరి దగ్గరా ఒక ప్రోగ్రాం ముందే తయారుగా ఉంటుంది. శనివారం వైట్‌హౌస్, స్మిత్‌సోనియన్ మ్యూజియంలు. ఆదివారం లాన్‌హమ్ శివవిష్ణు ఆలయం. లాంగ్ వీకెండ్ కలిసొస్తే న్యూయార్క్, నయాగరా. 2025 మే నెలాఖరులో వచ్చిన మా బాబాయి మాత్రం దిగిన రెండో రోజునే ఈ లిస్టంతా పక్కన పెట్టేశారు. ఆయన ముప్ఫై ఏళ్ళకు పైగా లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అందులో చాలా భాగం గురుకుల పాఠశాలల్లోనే గడిచింది. "భవనాలు టీవీలో చూశాన్లేరా. క్లాసులో మిగతావాళ్ళకంటే ముందుండే పిల్లల్ని ఇక్కడ ఏం చేస్తారో చూపించు, చాలు" అన్నారు.

ఆయన అలా అడగడానికి మా ఇంట్లో కారణం ఉంది. ఆరో తరగతి చదివే మా అబ్బాయికి మూడేళ్ళ క్రితం స్కూలు నుంచి 'గిఫ్టెడ్ అండ్ టాలెంటెడ్' అని ఉత్తరం వచ్చింది. ఈసారి మూడో తరగతి చదివే మా అమ్మాయికి వచ్చిన ఉత్తరంలో ఆ మాట లేదు. "ఒకే ఇంట్లో ఒకడికి గిఫ్ట్ ఉండి రెండోదానికి లేకపోవడం ఏమిటండీ?" అని మా ఆవిడ. "అంటే నేను స్మార్ట్ కాదా డాడీ?" అని మా అమ్మాయి. ఈ దేశంలో మన తెలుగు ఇళ్ళల్లో ఈ ఉత్తరం తెచ్చే ఆనందం, దుఃఖం రెండూ చాలామందికి అనుభవమే. అసలు ఈ ఉత్తరాల కథ ఎక్కడ మొదలైందో చూసొద్దామని శనివారం ఉదయం పులిహోర కట్టుకుని, థర్మాస్‌లో కాఫీ పోసుకుని బయలుదేరాం.

గిల్మన్ హాల్ గడియారం కింద

మొదటి మజిలీ బాల్టిమోర్. చార్లెస్ స్ట్రీట్ పక్కన జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ హోమ్‌వుడ్ క్యాంపస్. ఎర్ర ఇటుక భవనాలు, తెల్ల స్తంభాలు, పచ్చిక మైదానాలు, మధ్యలో గడియార స్తంభంతో గిల్మన్ హాల్. పక్కనే బాల్టిమోర్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్. దానికి ప్రవేశ రుసుము లేదు కాబట్టి పిల్లలతో వెళ్ళేవాళ్ళు అది కూడా చూడొచ్చు.

ఇక్కడ జూలియన్ స్టాన్లీ అని ఒక ప్రొఫెసర్ ఉండేవారు. 1918లో జార్జియా రాష్ట్రంలో పుట్టి, హైస్కూల్ టీచరుగా జీవితం మొదలుపెట్టి, తర్వాత పరీక్షల కొలమానాల మీద నిపుణుడయ్యారు. 1968 వేసవిలో దగ్గర్లోని టౌసన్ కాలేజీ కంప్యూటర్ క్లాసుకి వచ్చిన ఒక చిన్న పిల్లాడు అక్కడి వాళ్ళనందరినీ ఆశ్చర్యపరిచాడు. పేరు జోసెఫ్ బేట్స్. ఆ సంగతి స్టాన్లీ దాకా వచ్చింది. పిల్లాడి వయసుకి తగిన పరీక్ష పెడితే అన్నీ రాసేస్తాడు, దాంతో తెలిసేదేమీ లేదు. అందుకని 1969లో, పెద్ద పిల్లలు కాలేజీ ప్రవేశానికి రాసే పరీక్షలు ఇచ్చారు. ఫలితాలు చూసి ఆయనే నిర్ఘాంతపోయారు. పై క్లాసు పాఠాలు చెప్పడానికి హైస్కూళ్ళు ముందుకు రాకపోవడంతో ఆ పిల్లాడు పదమూడో ఏట హాప్‌కిన్స్‌లోనే చేరాడు. పదిహేడేళ్ళకు బ్యాచిలర్స్, మాస్టర్స్ డిగ్రీలు రెండూ పూర్తి చేశాడు. తర్వాత కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసరయ్యాడు.

ఇందులో కిటుకు చాలా సులభం. మూడడుగుల బద్దతో కొలిస్తే నాలుగడుగుల పిల్లాడూ, ఆరడుగుల పిల్లాడూ ఒక్కటిగానే కనబడతారు. బద్ద పొడుగు పెంచాలి. 1971లో స్టాన్లీ గణితంలో ముందున్న పిల్లల మీద ఒక పెద్ద అధ్యయనం ప్రారంభించారు. 1972 మార్చిలో బాల్టిమోర్ ప్రాంతంలోని ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకి శాట్ పరీక్ష పెట్టారు. 1979లో ఈ పని ఒక సంస్థగా స్థిరపడింది. అదే మన ఇళ్ళల్లో 'సీటీవై' అని పిలుచుకునే సెంటర్ ఫర్ టాలెంటెడ్ యూత్. మరుసటి ఏడాది నుంచి వేసవి క్లాసులు మొదలయ్యాయి. గూగుల్ స్థాపకుల్లో ఒకరైన సెర్గీ బ్రిన్, ఫేస్‌బుక్ జుకర్‌బర్గ్, పాటల లేడీ గాగా, ముగ్గురూ పిల్లలుగా ఉన్నప్పుడు ఆ కార్యక్రమాలకి వెళ్ళినవాళ్ళే. అయితే మూడు వారాల వేసవి క్లాసుకి కొన్ని వేల డాలర్లవుతుంది. ఆర్థిక సహాయం ఉందిగానీ, అది ఉందని తెలియని కుటుంబాలే ఎక్కువ.

మా బాబాయి గడియారం వైపు చూస్తూ, "ఆ పిల్లాణ్ణి అంత తొందరగా పరుగెత్తించడం మంచిదేనంటావా? పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు పెద్దలు" అన్నారు.

మనలో చాలామందికి ఉన్న భయమే అది. స్టాన్లీ 2005లో మరణించినా ఆయన అధ్యయనం ఆగలేదు. టెనెసీ రాష్ట్రంలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో కెమిల్లా బెన్‌బో, డేవిడ్ లుబిన్‌స్కీ దాన్ని కొనసాగించారు. అయిదువేల మందికి పైగా పిల్లల్ని పెద్దవాళ్ళయ్యేదాకా గమనిస్తూ వచ్చారు. వాళ్ళ పరిశోధన చెప్పేదేమిటంటే, సిద్ధంగా ఉన్న పిల్లల్ని ఒక క్లాసు ముందుకి పంపితే, తర్వాతి జీవితంలో మనసుకి ఏదో హాని జరుగుతుందన్న భయానికి ఆధారం కనబడలేదు. ఇందులో 'సిద్ధంగా ఉన్న' అన్న మాట ముఖ్యం. పాలు పిల్లాడు అడగాలి. మనం ముక్కు మూసి పోయకూడదు.

1971లో రెండు చోట్ల

క్యాంపస్ బెంచీ మీద పులిహోర తింటుంటే, "1971 అన్నావు కదూ?" అన్నారు బాబాయి. "సరిగ్గా ఆ ఏడాదే మనవాళ్ళు సర్వేల్‌లో గురుకులం తెరిచారురా."

నిజమే. అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో ఆంధ్రప్రదేశ్ మొదటి గురుకుల పాఠశాల 1971లో మొదలైంది. దాని వెనుక ఉన్నది పి.వి. నరసింహారావు గారు. ఆ తర్వాత గుంటూరు జిల్లా తాడికొండ, అనంతపురం జిల్లా కొడిగెనహళ్ళి. పల్లెల్లోని తెలివైన పిల్లల్ని ప్రవేశ పరీక్షతో ఎంపిక చేసి, తిండి, బట్ట, చదువు అన్నీ ఉచితంగా ఇచ్చి పెంచిన బడులవి. ఈ పత్రిక చదువుతున్న డాక్టర్లలో, ఇంజనీర్లలో ఆ బడుల నుంచి వచ్చినవాళ్ళు తప్పకుండా ఉంటారు. 1985లో కేంద్రంలో విద్యాశాఖ చూస్తున్నప్పుడు పి.వి. గారి ఆధ్వర్యంలోనే నవోదయ విద్యాలయాలు కూడా మొదలయ్యాయి.

"బాల్టిమోర్‌లో ఒక పిల్లాడు ఎంత ముందుకి వెళ్ళగలడో కొలిచారు. మన దగ్గర పలకా బలపం కొనలేని ఇంట్లో ఎవడున్నాడో వెతికారు. రెండూ కావాలిరా" అన్నారు బాబాయి. ఆ మాట ఆ రోజంతా నా వెంటే వచ్చింది.

నేషనల్ హార్బర్ మీదుగా

ఇంటర్‌స్టేట్ 95 మీద దక్షిణంగా గంట ప్రయాణం. బెల్ట్‌వే మీద వుడ్రో విల్సన్ వంతెన ఎక్కబోయే ముందు పోటోమాక్ నది ఒడ్డున నేషనల్ హార్బర్. పెద్ద చక్రం, పడవలు, హోటళ్ళు. మన పిల్లలకి మాత్రం ఈ చోటు స్పెల్లింగ్ బీతోనే తెలుసు. 2011 నుంచి 2025 దాకా, కోవిడ్ రోజులు తప్ప, జాతీయ పోటీలు ఇక్కడి గేలార్డ్ హోటల్లోనే జరిగాయి. మేము వెళ్ళిన రోజుకి రెండు రోజుల ముందే, మే 29న, టెక్సాస్‌లోని ఆలెన్ ఊరికి చెందిన, హైదరాబాద్ మూలాలున్న ఫైజాన్ జాకీ విజేత అయ్యాడు. గెలుపు అంచున నిలబడి, తొందరపడి ఒక మాట తప్పు చెప్పి, మళ్ళీ నిలదొక్కుకుని గెలిచిన తీరు మా ఇంట్లో అందరం టీవీలో ఊపిరి బిగబట్టి చూశాం. అంతకుముందు ఏడాది 2024లో అదే ఫైజాన్‌ని దాటి, 90 సెకన్లలో 29 మాటలు చెప్పి గెలిచింది ఫ్లోరిడాకు చెందిన మన బృహత్ సోమ.

1985లో బాలు నటరాజన్ గెలిచిన దగ్గర నుంచి ఈ వేదిక మీద భారతీయ పేర్లు వినబడుతూనే ఉన్నాయి. దాని వెనుక తెలుగువారి చేయి కూడా ఉంది. డాక్టర్ రత్నం చిట్టూరి గారు 1989లో స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్, 1993 నుంచి మన పిల్లలకి స్పెల్లింగ్ పోటీలు నడుపుతోంది. తర్వాత వొకాబ్యులరీ, మ్యాథ్, జాగ్రఫీ పోటీలు కూడా వచ్చాయి. ఇక్కడి పిల్లల పోటీలతో పాటు, ఇండియాలో డబ్బు లేక చదువు ఆగిపోయే ప్రతిభావంతులకు స్కాలర్‌షిప్‌లు ఇవ్వడం ఆ సంస్థ మొదటి నుంచీ పెట్టుకున్న పని. పిల్లల్ని పోటీకి తీసుకెళ్ళే కారులో ఈ సంగతి కూడా చెబితే బాగుంటుంది.

బ్రాడక్ రోడ్డులో బడి

వంతెన దాటితే వర్జీనియా. బెల్ట్‌వే దిగి బ్రాడక్ రోడ్డులోకి మళ్ళితే థామస్ జెఫర్సన్ హైస్కూల్ ఫర్ సైన్స్ అండ్ టెక్నాలజీ. మనవాళ్ళ నోట 'టీజే'. శనివారం కావడంతో బయట నుంచే చూశాం. 1985లో మొదలైన ఈ పబ్లిక్ స్కూలు పిల్లలు స్వయంగా తయారుచేసిన ఒక చిన్న ఉపగ్రహం 2013 నవంబరులో వర్జీనియా తీరంలోని వాలప్స్ దీవి నుంచి ఆకాశానికి ఎగిరింది. హైస్కూల్ పిల్లలు కట్టిన ఉపగ్రహాల్లో కక్ష్యకి చేరిన మొదటిది అదే. ఆ మాట వినగానే బాబాయి రెండు చేతులూ జోడించేశారు.

అయితే ఈ బడి పేరెత్తితే ఉత్తర వర్జీనియా తెలుగు ఇళ్ళల్లో ఇప్పటికీ వాదన మొదలవుతుంది. 2020 చివర్లో ఫెయిర్‌ఫాక్స్ స్కూల్ బోర్డు ప్రవేశ పరీక్షని తీసేసింది. ప్రతి మిడిల్ స్కూల్లోని ఎనిమిదో తరగతి పిల్లల సంఖ్యలో ఒకటిన్నర శాతానికి సమానమైన సీట్లు ఆ స్కూలుకి కేటాయించింది. ఆ పద్ధతిలో చేరిన మొదటి క్లాసులో ఆసియా మూలాల పిల్లలు దాదాపు 73 శాతం నుంచి 54 శాతానికి తగ్గారు. అంతకుముందు ఒక శాతం కూడా లేని పేద కుటుంబాల పిల్లలు నాలుగోవంతుకి చేరారు. తల్లిదండ్రుల సంఘం ఒకటి 2021లో కోర్టుకెళ్ళింది. 2022లో జిల్లా కోర్టులో గెలిచింది. 2023లో అప్పీల్ కోర్టులో ఓడిపోయింది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేసు తీసుకోలేదు.

నా స్నేహితుల్లో రెండు పక్షాల వాళ్ళూ ఉన్నారు. "నాలుగేళ్ళు కష్టపడి చదివిన పిల్లకి రూల్స్ మారాయని చెబితే ఎలా?" అని ఒకరు. "కోచింగ్‌కి వేలు పోసినవాళ్ళ పిల్లలే పిల్లలా?" అని ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. బాబాయి అంతా విని, "ఇంత పెద్ద జిల్లాకి ఇలాంటి బడి ఒక్కటేనా?" అని అడిగారు. ఆ ప్రశ్న మాత్రం ఆ వాదనల్లో నేను ఎక్కువగా వినలేదు.

కంటపడని పిల్లలు

వచ్చిన తోవనే తిరిగి వెళుతూ మాట్లాడుకున్నాం. గిఫ్టెడ్ పిల్లలకి చదువెలా చెప్పాలన్న విషయంలో అమెరికా అంతటికీ ఒకే చట్టం లేదు. వైకల్యం ఉన్న పిల్లలకి ప్రత్యేక బోధన ఇవ్వాలని 1975 నుంచి కేంద్ర చట్టం ఉంది. ముందున్న పిల్లల గురించి 1972లో మార్లాండ్ నివేదిక, 1988లో జావిట్స్ చట్టం వచ్చినా, నిర్ణయం రాష్ట్రాలకీ, జిల్లాలకీ వదిలేశారు. పెన్సిల్వేనియాలో ప్రతి గిఫ్టెడ్ పిల్లకీ విడిగా రాతపూర్వక ప్లాను ఉండాలి. ఇంకో రాష్ట్రానికి మారితే ఆ కాగితానికి విలువ ఉండకపోవచ్చు. ఉద్యోగం కోసం ఊళ్ళు మారే మనవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఎంపికలో పొరపాట్లు కూడా పాతవే. 1921లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ లూయిస్ టెర్మన్ కాలిఫోర్నియాలో దాదాపు 1,500 మంది మేధావి పిల్లల్ని ఏరి జీవితాంతం గమనించారు. వాళ్ళలో ఎవరికీ నోబెల్ రాలేదు. ఆయన పరీక్షలో అర్హత రాక తప్పిపోయిన ఇద్దరు పిల్లలకి వచ్చింది. విలియం షాక్లీకి 1956లో, లూయిస్ ఆల్వరెజ్‌కి 1968లో. మన రామానుజన్ కాలేజీ పరీక్ష తప్పిన సంగతి అందరికీ తెలిసిందే.

ఫ్లోరిడాలోని బ్రోవర్డ్ కౌంటీ కథ ఇంకా ఆలోచింపజేస్తుంది. అక్కడ ఒకప్పుడు టీచరో, తల్లిదండ్రులో పేరు చెబితేనే పిల్లలకి పరీక్ష పెట్టేవారు. 2005లో రెండో తరగతి పిల్లలందరికీ ఒక చిన్న పరీక్ష పెట్టడం మొదలుపెట్టారు. డేవిడ్ కార్డ్, లారా జూలియానో అనే ఆర్థికవేత్తలు ఆ ఫలితాలు పరిశీలించారు. గిఫ్టెడ్‌గా గుర్తింపు పొందిన నల్లజాతి, హిస్పానిక్ పిల్లల సంఖ్య బాగా పెరిగింది. అదే పిల్లలు, అదే బడులు. మారింది వెతికే పద్ధతి ఒక్కటే. తర్వాత డబ్బులు లేవని ఆ పరీక్ష ఆపేస్తే సంఖ్య మళ్ళీ పడిపోయింది.

మూడు బల్లల లెక్కల క్లాసు

ఆ మంగళవారం మా అమ్మాయి టీచర్ గారి అనుమతితో బాబాయి గంటసేపు క్లాసులో కూర్చున్నారు. ఇది గిఫ్టెడ్ క్లాసు కాదు, మామూలు మూడో తరగతి. ఆఫీసులో పాస్‌పోర్ట్ చూపించి, చొక్కాకి విజిటర్ స్టిక్కర్ అంటించుకుని, వెనక బల్ల దగ్గర చిన్న కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నారు.

టీచర్ పాఠం మొదలుపెట్టే ముందే అయిదు ప్రశ్నల చిన్న పరీక్ష పెట్టింది. వచ్చినవాళ్ళు, కొంచెం వచ్చినవాళ్ళు, అసలు రానివాళ్ళు అని మూడు బల్లలయ్యాయి. పాఠం ఒకటే, పని వేరు. ముందే వచ్చిన పిల్లలకి అవే లెక్కలు ఇంకో ఇరవై ఇవ్వలేదు. వాళ్ళకి మిగిలిన సమయాన్ని కొత్త ప్రశ్నకి వాడింది. కనెటికట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జోసెఫ్ రెంజుల్లీ ప్రచారంలోకి తెచ్చిన 'కంపాక్టింగ్' పద్ధతి ఇదే. ప్రతిభ అంటే తెలివి ఒక్కటే కాదని, పట్టుదల, సృజన కూడా కలవాలని 1978లో చెప్పింది కూడా ఆయనే. పైగా ఆ బల్లలు శాశ్వతం కావు. వచ్చే పాఠానికి మళ్ళీ చిన్న పరీక్ష, మళ్ళీ కొత్త బల్ల. ఆ రోజు మా అమ్మాయి మధ్య బల్ల దగ్గర ఉంది. ముందు వారం ఆకారాల పాఠంలో మొదటి బల్లట.

మొదటి బల్లకి ఇచ్చిన ప్రశ్న ఇది. పిల్లలూ, మీరూ చేసి చూడండి. క్లాసులో 25 మంది ఉన్నారు. ప్రతి ఒక్కరూ మిగతా అందరితో ఒక్కోసారి చెయ్యి కలిపితే మొత్తం ఎన్ని షేక్‌హ్యాండ్లు? అయిదుగురితో మొదలుపెట్టి బొమ్మ గీసుకుంటూ వెళ్ళారు. అయిదుగురికి 10, పదిమందికి 45, ఇరవై అయిదు మందికి 300. అందులో ఒక కుర్రాడు కుటుంబంతో మధ్య అమెరికా నుంచి వచ్చి రెండేళ్ళయిందట. ఇంగ్లీషు ఇంకా తడబడుతోంది. చేతులు, వేళ్ళు, బొమ్మలతో ఒక ప్రశ్న వేశాడు. "సరిగ్గా వెయ్యి ఎప్పుడైనా వస్తుందా?"

బాబాయి లేచి వెళ్ళి వాడి పక్కన కూర్చున్నారు. ఆయన తెలుగు ఇంగ్లీషు, వాడి స్పానిష్ ఇంగ్లీషు. మధ్యలో అంకెలకి మాత్రం అనువాదం అక్కర్లేకపోయింది. 45 మందికి 990. 46 మందికి 1,035. వెయ్యి రాదు. "నోర్!" అన్నాడు వాడు. "నెవర్" అనబోయాడని మాకు అర్థమైంది. ఆ పిల్లాడికి ఆ ఏడాది ఉత్తరం రాలేదు. వచ్చే ఏడాది మాటలతో పని లేని పరీక్షకి వాడి పేరు పంపుతున్నానని టీచర్ చెప్పింది.

మనం చేయగలిగినవి

బాబాయి తిరిగి వెళ్ళేలోపు మా భోజనాల బల్ల దగ్గర తేలిన విషయాలు నాలుగు. మీకూ పనికి రావచ్చు.

ఒకటి, టీచర్‌ని కలిసినప్పుడు "మావాడు గిఫ్టెడ్" అని మొదలుపెట్టకండి. "క్లాసులో పని ముందే అయిపోతే తర్వాత ఏం చేస్తున్నాడు?" అని అడగండి. ఇంట్లో వాడు చేసిన పని ఒకటి రెండు చూపించండి. పాఠానికి ముందు చిన్న పరీక్ష పెట్టే వీలుందా అని అడగండి. ముప్ఫై మందిని చూసుకునే మనిషికి ఫిర్యాదు కంటే సమాచారం ఎక్కువ ఉపయోగపడుతుంది.

రెండు, ఉత్తరం రాకపోతే మీ జిల్లాలో అప్పీల్, మళ్ళీ పరీక్ష వంటివి ఉన్నాయేమో కనుక్కోండి. ఏడెనిమిదేళ్ళ పిల్లలకి ఒక ఉదయం రాసిన పరీక్షే తుది తీర్పు కానక్కర్లేదు. లెక్కల్లో ముందుండి చదవడంలో ఇబ్బందిపడే పిల్లలూ ఉంటారు. రెండూ టీచర్‌కి చెప్పండి.

మూడు, పిల్లాడికి ఆకలి ఉంటే వడ్డించండి. లేకపోతే శనివారాలు వదిలేయండి. లైబ్రరీ కార్డు ఉచితం. చాలా ఊళ్ళల్లో మ్యాథ్ క్లబ్బులు కూడా ఉచితమే.

నాలుగు, మీ పిల్లలతో పాటు వాళ్ళ క్లాసులో ఇంకొకరి గురించి కూడా అడగండి. పిల్లలందరికీ పరీక్ష పెట్టాలా వద్దా అని స్కూల్ బోర్డు మీటింగుల్లో చర్చ వచ్చినప్పుడు వెళ్ళి మాట్లాడండి. పల్లెటూరి బడిలో ఎవరో మాస్టారు మన పేరు, లేదా మన నాన్నగారి పేరు పంపబట్టే మనలో చాలామందిమి ఇక్కడిదాకా వచ్చాం.

మా అమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబు మాత్రం నేను చెప్పలేదు, బాబాయే చెప్పారు. "ఆ ఉత్తరం నీకు ఏ బల్ల ఇవ్వాలో చెబుతుందమ్మా. నువ్వెంత దూరం వెళ్తావో దానికి తెలియదు." ఆవిడ ఆలోచించి, "అయితే నలభై అయిదుకీ, నలభై ఆరుకీ మధ్య ఎందుకు రాదు?" అని అడిగింది. ఇద్దరూ కాగితం, పెన్సిలు పట్టుకుని డెక్ మీదకి వెళ్ళిపోయారు.